బీరకాయలోని నీళ్ళు

నేను ఏఎన్నెమ్‌గా చేసి రిటైరయ్యాను. పల్లెల్లో మమ్మల్ని నర్సమ్మ అంటారు. నా అసలు పేరు ఖాసింబీ అని జీతం బిల్లులు రాసేవాళ్ళకీ, మా అత్తగారికీ తప్ప పెద్దగా ఎవరికీ గుర్తుండేది కాదు. నరసరావుపేటలో మా ఆయనకి మోటార్లు రీవైండింగ్ చేసే షాపు ఉండేది. ఆయన పొద్దున్నే షాపు తలుపు తీసేవాడు, నేను ఈపూరు వైపు బస్సెక్కేదాన్ని. ఉద్యోగమంతా అట్లాగే గడిచిపోయింది.

ఈ మధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు నా దగ్గరికి వచ్చి కూచుంటున్నారు. టీకాల గురించీ, ట్యాబ్‌లో ఎంట్రీల గురించీ అడుగుతారు. అమ్మా, అవి నాకంటే మీకే బాగా తెలుసు. ట్యాబ్ నా చేతికిచ్చిన రోజు దాన్ని ఎటు తిప్పి పట్టుకోవాలో తెలియక మా మనవరాలితో చీవాట్లు తిన్నదాన్ని నేను. నేను చెప్పగలిగింది వంటింటి సంగతి ఒక్కటే. నవ్వకండి. మన ఉద్యోగంలో సగం పొయ్యి దగ్గరే జరుగుతుంది. ఎండాకాలంలో అయితే సగానికి పైనే.

గిన్నె మూత

చేరిన కొత్తల్లో మాకు సుభద్ర మేడమ్ అని సూపర్‌వైజరు ఉండేది. మనిషి పొట్టి. గొంతుకి మాత్రం మైకు అక్కర్లేదు. ఒకసారి ఆవిడ నా వెంట వచ్చినప్పుడు నేనొక గర్భిణి ఇంట్లో కూచుని ట్రైనింగులో నేర్పిన పాఠమంతా అప్పజెబుతున్నాను. క్యారెట్ తినాలి, బీట్‌రూట్ తినాలి, వీలైతే ఆపిల్ పండు తినాలి అని. అది మే నెల. ఆ పిల్ల మర్యాదగా తలూపుతోంది. వాళ్ళ అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"ఏందమ్మా నువ్వు చెప్పేది? ఈ ఎండకి గోంగూరే మాడి చచ్చింది. ఆపిల్ పండు ఏ చెట్టుకి కాసిద్దో చూపియ్యి, నేనే పోయి కోసుకొస్తా" అంది.

మేడమ్ నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆ అత్తగారిని "ఇయ్యాళ ఏం కూర అక్కా?" అని అడుగుతూ లోపలికి వెళ్ళి గిన్నె మూత తీసింది. దోసకాయ పప్పు. "బ్రహ్మాండంగా ఉంది. కోడలికి ఇంకో గరిటె ఎక్కువ వెయ్యి. దించేముందు గుప్పెడు మునగాకు దూసి పడెయ్యి. చెట్టు మీ వాకిట్లోనే ఉందిగా" అని చెప్పి బయటికి వచ్చేసింది.

దారిలో నాతో అంది: "ఖాసింబీ, వాళ్ళింట్లో లేనిదాని గురించి మాట్లాడితే నీ నోరు నొప్పి పుట్టడం తప్ప ఏం లాభం? ముందు గిన్నె మూత తియ్యి. ఆ తర్వాత నోరు తెరువు."

ఆవిడ తర్వాత చాలామంది పైఅధికారులు వచ్చారు. కొందరు రిజిస్టరు చూసేవాళ్ళు, కొందరు గడియారం చూసేవాళ్ళు. గిన్నె చూసిన మనిషి మాత్రం ఆవిడొక్కతే. నాకు ఉద్యోగం నేర్పింది కూడా ఆవిడే.

సాయిబుల పిల్లవి, రైతుల వంటింట్లోకి ఎట్లా వెళ్ళేదానివి అని మీలో కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. గడప దగ్గర నిలబడి పలకరించేదాన్ని. రమ్మంటే వెళ్ళేదాన్ని, లేకపోతే లేదు. కొన్ని ఇళ్ళల్లో మొదటిరోజే రమ్మన్నారు, కొన్ని ఇళ్ళల్లో చానాళ్ళు పట్టింది. రమ్మనని ఇళ్ళల్లో పంచలోనే కూచుని కత్తిపీట అడిగి తీసుకుని కూర తరిగిపెట్టేదాన్ని. చేతులు పనిలో ఉన్నప్పుడు ఆడవాళ్ళు కడుపులో మాట చెబుతారు. ఎదురుగా పెన్నూ కాగితం పట్టుకుని కూచుంటే మాత్రం అన్నిటికీ "బాగానే ఉంది" అంటారు.

ఎండల్లో వంట

మన వైపు ఎండాకాలం ఎట్లా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. కాలువ కట్టేస్తారు. మిరప కోతలు అయిపోతాయి. ఆడవాళ్ళు తెల్లవారకముందే ఇంత ఉడకేసి, ఉపాధి పనికి పలుగూ పారా పట్టుకుని పోతారు. ఆ ఇళ్ళకి పోయి పోషకాహారం అని పెద్ద మాటలు మాట్లాడితే మన మొహం మీదే నవ్వుతారు. అక్కడ ఉన్నవేవో చూడండి. దోసకాయ ఉంటుంది, సొరకాయ ఉంటుంది, పందిరి ఉంటే బీరకాయ ఉంటుంది. మామిడికాయ ఎవరో ఒకరు ఇస్తారు. తొలకరి దాకా మనల్ని కాపాడేవి ఇవే. అన్నీ నీళ్ళున్న కాయలే కావడం ఆ పైవాడి దయ అని నేననుకుంటాను.

వీటితో వంటకి పెద్ద హంగామా అక్కర్లేదు. దోసకాయ ముక్క కొరికి చూసి, చేదు లేకపోతేనే పప్పులో వెయ్యాలి. మామిడికాయ ముక్కల్ని పప్పు మెత్తగా ఉడికిన తర్వాతే వెయ్యాలి, ముందే వేస్తే ఆ పులుపుకి పప్పు ఉడకనని మొరాయిస్తుంది. చింతచిగురుని రెండు అరచేతుల మధ్య నలిపి పుల్లలు ఏరిపారెయ్యాలి. సొరకాయ మజ్జిగ పులుసు పొంగు రాబోతుండగానే దించెయ్యాలి, లేకపోతే విరిగి కూచుంటుంది. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి పెట్టి, పొద్దున ఉల్లిపాయ నంజుకుని తిని పనికి పోయిన ఆడవాళ్ళని నేను చూశాను. ఏమీ తినకుండా టీ తాగి పోయినవాళ్ళనీ చూశాను. గట్టు మీద కళ్ళు తిరిగి పడిపోయారని నాకు కబురొచ్చిందంటే అది ఎక్కువగా టీ తాగి పోయినవాళ్ళ గురించే.

కూల్‌డ్రింకు సీసా కొనుక్కొచ్చి గొప్పగా నాకు పోసిన ఇళ్ళూ ఉన్నాయి. మొహమాటపడకుండా మజ్జిగ అడిగేదాన్ని. నర్సమ్మ అడిగి తాగుతోందంటే మజ్జిగకీ విలువ పెరుగుతుంది కదా.

ఇక నేను అసలు చెప్పాలని కూచున్న సంగతికి వస్తాను.

కోటమ్మ ఇల్లు

ఈపూరు వైపు ఒక పల్లెలో కోటమ్మ అని ఒక రైతు ఇల్లాలు ఉండేది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. మాట కరుకు, చెయ్యి ధారాళం. ఆవిడ కూతురు అనూష తొలి కానుపుకి పుట్టింటికి వచ్చింది. నరసరావుపేట ఆసుపత్రిలో కానుపు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. తల్లినీ పిల్లనీ ఇంటికి తెచ్చుకున్నారని తెలిసి చూడటానికి వెళ్ళాను.

బయట రోళ్ళు పగిలే ఎండ. లోపల గది కిటికీలన్నీ మూసి ఉన్నాయి. మంచం పక్కన కుంపట్లో సాంబ్రాణి పొగ. అనూష చెవుల్లో దూది పెట్టుకుని, తలకి గుడ్డ కట్టుకుని గోడకి ఆనుకుని కూచుంది. పెదాలు ఎండి తోలు లేచిపోయాయి. బీపీ చూశాను, మామూలుగానే ఉంది. పసిదాన్ని చేతుల్లోకి తీసుకున్నాను. రొమ్ము అందిస్తే పట్టుకుంటోంది, కాసేపు చప్పరించి విసిగి ఏడుస్తోంది. తడిపిన గుడ్డలు తక్కువగా ఉన్నాయి. తూకం వేస్తే తగ్గింది. పుట్టిన మొదటి రోజుల్లో ఏ పిల్లయినా కాస్త తగ్గుతుంది. అయితే ఈ పాటికి మళ్ళీ పెరగడం మొదలవ్వాలి.

"ఏం తింటున్నావమ్మా?" అని అడిగితే అనూష వాళ్ళమ్మ వైపు చూసింది. కోటమ్మే చెప్పింది. పొద్దున బాలింతలకి పెట్టే కాయం ఉండ. మధ్యాహ్నం వేడన్నంలో నెయ్యీ వెల్లుల్లి కారం. రాత్రికి శొంఠి పొడి.

"మరి నీళ్ళు?"

"అన్నం తిన్నాక కాచిన నీళ్ళు గొంతు తడుపుకోటానికి ఇస్తన్నా. పథ్యం కదా. దీనికి పాలు పడటంలా నర్సమ్మా. మా అల్లుడు పాలపొడి డబ్బా తెచ్చి పెట్టాడు. రేపో మాపో తెరవాల."

నేను వెంటనే అందుకున్నాను. నీళ్ళు తాగకపోతే పాలెక్కడినుంచి వస్తాయి, ఈ ఎండలో ఇట్లా మాడిస్తే తల్లికే ప్రమాదం అని గొంతు పెంచి చెప్పాను. అప్పటిదాకా నాతో మెత్తగా మాట్లాడుతున్న మనిషి మొహం రాయిలాగా అయిపోయింది.

"నీళ్ళ మాట నా ఇంట్లో ఎత్తబాక. నువ్వు చూట్టానికొచ్చావు, చూశావు. ఇంక పో."

అనూష తల దించుకుని ఏడుస్తోంది. నేను బయటపడ్డాను.

మా డాక్టరు గారు అప్పుడే చదువు పూర్తి చేసుకుని వచ్చిన కుర్రాడు. సంగతంతా విని, "రోజూ వెళ్ళి చూడండి. పిల్ల మందకొడిగా ఉన్నా, పాలు పట్టుకోకపోయినా, ఒళ్ళు వేడిగా ఉన్నా ఆగొద్దు, వెంటనే పేట పంపించండి. ఎట్లా ఉన్నా ఈ వారంలో తూకం పెరగాల్సిందే" అన్నాడు. పాలపొడి డబ్బా తెరిస్తే పిల్ల రొమ్ము మర్చిపోతుంది. తెరవకపోతే ఆకలికి నీరసపడుతుంది. ఏ దారిన పోయినా ఆ పసిదానికే నష్టం.

పందిరి కింద

మర్నాడు మొదటి బస్సుకే వెళ్ళాను. పసిదాన్ని చూశాను, మందకొడిగా లేదు, జ్వరం లేదు. కోటమ్మ దొడ్లో బీరపాదు పందిరి కింద ఉంది. లేత కాయలు కోసి ఒళ్ళో వేసుకుంటోంది. నన్ను చూసి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. నేను దొడ్డివైపు పంచలో కత్తిపీట వాల్చుకుని కూచుని కాయలు ఇమ్మన్నట్టు చెయ్యి చాపాను. ఇచ్చింది. చెక్కు తీస్తున్నాను, ముక్కలు కోస్తున్నాను.

"అనూషకి ముందు నాకు పెద్దది ఉండేది. పద్మ. నువ్వు ఈ ఊరికి రాకముందు" అంది కోటమ్మ ఉన్నట్టుండి.

తెలియదన్నాను.

"అదీ ఎండల్లోనే కన్నది. ఇంట్లోనే. పిల్లోడు బాగానే పుట్టాడు, వాళ్ళ నాయనమ్మ పెంచుకుంది. కన్నాక దాహం దాహం అని నా కాళ్ళు పట్టుకుంది నర్సమ్మా. మా అత్త ఇయ్యొద్దంటే ఇయ్యొద్దంది. అత్త అట్టా పక్కింటికి పోయిన టయాన నేనే చెంబు ముంచి తెచ్చి తాపిచ్చా. నా బిడ్డ గటగటా తాగింది. తెల్లారేతలికి మొహం ఉబ్బింది. కాళ్ళు ఉబ్బినయ్. తల పగిలిపోతంది అమ్మా, కళ్ళు మసకలు కమ్మినయ్ అంది. తర్వాత ఫిట్స్. ఆటో మాట్లాడి పేటకి తీసకపోతా ఉంటే దార్లోనే నా ఒళ్ళో పోయింది. బాలింతకి ఒళ్ళు నీరు పట్టిందన్నారు అందరూ. మా అత్త నన్ను ఒక్క మాట అన్లా. అనకపోతే మాత్రం? ఎవరు పోశారో నాకు తెలుసు కదా."

నిన్న నేను ఈ మనిషి మీద గొంతు పెంచి అరిచాను. బిడ్డ మీద ప్రేమతోనే బిడ్డకి నీళ్ళు ఇవ్వకుండా కూచుంది ఈవిడ. మూఢనమ్మకం అని ఒక్క మాటతో కొట్టిపారేస్తాం మనం. ఆ మాట వాడినప్పుడల్లా ఎవరో ఒక తల్లి గుండెని తొక్కుకుంటూ పోతున్నామేమో చూసుకోండి.

"పెద్దమ్మా, ఆ వాపు నీళ్ళ వల్ల వచ్చింది కాదు. నువ్వు చెప్పిన తలనొప్పి, కళ్ళు మసకలు, ఫిట్స్, అదంతా బీపీ. కానుపు ముందునుంచే ఒంట్లో ఉండి ఉంటది. అప్పుడు చూసేవాళ్ళు లేరు. అనూషకి పుట్టింటికి వచ్చినకాడినుంచి నేను ప్రతినెలా చూశా, నిన్న కూడా చూశా. బీపీ లేదు."

"నన్ను ఊరుకోబెట్టటానికి చెప్తన్నావులే" అంది.

నమ్మలేదు. ఎట్లా నమ్ముతుంది? ఇన్నేళ్ళు మోసిన బరువుని ఒక నర్సు వచ్చి పంచలో కూచుని దించెయ్యమంటే ఎవరైనా దించుతారా? అందుకని ఇక వాదన పెట్టుకోలేదు. వేరే మాట అడిగాను.

"బాలింతకి బీరకాయ పెట్టొచ్చా?"

"బీరకాయ పథ్యమేగా. ఎందుకు పెట్టకూడదు?"

"పెసరకట్టు?"

"పెట్టొచ్చు. ఒంటికి చలవ."

"మిరియాల చారు?"

"అది మంచిదే" అని నా మొహంలోకి చూసింది. "లోపలికి రా. పొయ్యి ఎలిగిస్తా" అంది.

ఆ ఇంట్లో నేను వంటింటి గడప దాటటం అదే మొదలు. నేతిలో జీలకర్రా, నలగ్గొట్టిన వెల్లుల్లీ వేసి, బీరకాయ ముక్కలు వేసి, ఉప్పు చల్లి మూత పెట్టాం. చుక్క నీళ్ళు పొయ్యలేదు. కాసేపటికి మూత తీస్తే గిన్నె నిండా నీరు ఊరింది. అందులో పల్చటి పెసరకట్టు పోశాం, దించాక కాసిని పాలు. కారం లేదు, మసాలా లేదు. ఇంత తేలికైన కూర ఇంకొకటి ఉండదు. పళ్ళెంలో మెత్తటి అన్నం పెట్టి, అన్నం మునిగేదాకా కోటమ్మే గరిటెతో పోసింది.

అనూష అన్నం జోలికి పోలేదు. పళ్ళెం రెండు చేతులతో ఎత్తి ముందు ఆ నీరంతా తాగేసింది. వాళ్ళమ్మ అటు తిరిగి నిలబడింది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

అప్పటినుంచి రోజూ అదే పని. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం బీరకాయో పొట్లకాయో, మధ్యమధ్య గ్లాసులో చారు. నూనె తీసిన నువ్వుల తెలగపిండిలో మునగాకు వేసి పొడికూర చేసి పెట్టింది కోటమ్మ, అది పాలు పడటానికి వాళ్ళ ఇంటి వంట. నేను ఒక కిటికీ తెరిపించాను. పసిది ఏడ్చేదాకా ఆగకుండా మాటిమాటికీ రొమ్ముకి పెట్టమని అనూష పక్కన కూచుని నేర్పాను. ఇది మర్చిపోకండి. కూర తల్లి ఒంటికి బలం, పాలు రప్పించేది మాత్రం పిల్ల నోరే.

ఒకరోజు చారు వడగడుతూ కోటమ్మ నావైపు తిరగకుండానే అంది: "నర్సమ్మా, నువ్వు నీళ్ళనే తిప్పి తిప్పి పోయిస్తన్నావ్. నాకు తెలవదనుకున్నావా?"

దొరికిపోయాను. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావు పెద్దమ్మా?"

"కూరంటే నా చెయ్యి వణకదు. చెంబు పట్టుకుంటేనే వణుకుద్ది."

గిన్నె అందుకుని చారు గ్లాసులో పోశాను.

మన ట్రైనింగులో ఇది చెప్పరు. ఏం తినాలో, ఎంత తినాలో చార్టు ఇస్తారు. పెట్టే చెయ్యి ఎవరిది, ఆ చెయ్యి దేనికి భయపడుతోంది అని ఏ చార్టులోనూ ఉండదు. ఆ భయాన్ని అడగండి. అడిగి, ఓపిగ్గా వినండి. వాళ్ళు దేనికి ఒప్పుకుంటారో అక్కడినుంచే వంట మొదలుపెట్టండి. నేను ఉద్యోగం మొత్తంలో నేర్చుకున్నది ఇంతే, మీకిచ్చేదీ ఇంతే.

తూకం

వారం తిరక్కముందే మళ్ళీ తూకం వేశాను. దూలానికి త్రాసు తగిలించి, చీరముక్క ఉయ్యాల్లో పసిదాన్ని పడుకోబెట్టాను. అది కాళ్ళు తన్నుకుంటూ ముల్లుని నిలవనివ్వదు. కోటమ్మ గుంజని పట్టుకుని నిలబడింది. పెదాలు కదులుతున్నాయి, ఏ దేవుణ్ణి తలుచుకుంటోందో. అనూష మంచం మీంచి మెడ సాచి చూస్తోంది. పాలపొడి డబ్బా మూతకి సీలు అట్లాగే ఉంది.

ముల్లు నిలిచింది. ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.

"పెరిగింది పెద్దమ్మా."

"నిజం చెప్పు."

"నువ్వే చూడు. పోయినసారి ముల్లు ఇక్కడ. ఇయ్యాళ ఇక్కడ."

కోటమ్మ దగ్గరికొచ్చి ఆ రెండు గీతల మధ్య జాగా మీద వేలు పెట్టి చూసింది. తీసి మళ్ళీ పెట్టింది. తర్వాత ఉన్నచోటే నేల మీద కూలబడింది. మనవరాలి గురించి ఏదో అడుగుతుందనుకున్నాను.

"ఇన్ని నీళ్ళు దిగినా అనూష ఒళ్ళు ఉబ్బలా. అయితే నర్సమ్మా, నా పద్మ నీళ్ళ వల్ల పోలేదా?"

పసిదాన్ని తల్లి ఒళ్ళో పెట్టి ఆవిడ ఎదురుగా నేనూ నేల మీదే కూచున్నాను. చెయ్యి పట్టుకున్నాను.

"లేదు పెద్దమ్మా. నీళ్ళ వల్ల పోలేదు. నువ్వు పోసిన నీళ్ళు దాని దాహం తీర్చినయ్, అంతే."

ఆవిడ ఏడ్చింది. అట్లాంటి ఏడుపు నేను మళ్ళీ వినలేదు. అనూష కూడా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. ఉద్యోగంలో ఏడవకూడదని ఎవరైనా చెబితే వినకండి.

చాలాసేపటికి కోటమ్మ కొంగుతో మొహం తుడుచుకుని లేచింది. పంచలో కాచి చల్లార్చి పెట్టిన నీళ్ళ కుండ ఉంది. చెంబు ముంచి తెచ్చింది. చెయ్యి వణుకుతోంది, గదిలోకి వచ్చేదాకా నీళ్ళు తొణికి నేల మీద పడుతూనే ఉన్నాయి. నేను లేచి సాయం పట్టలేదు. అనూష పసిదాన్ని పక్కన పడుకోబెట్టి, వాళ్ళమ్మ చేతి మీద తన చెయ్యి వేసి చెంబుని నోటికి ఆనించుకుంది. ఎత్తిన చెంబు దించకుండా గటగటా తాగింది. ఆ గుటకలు వింటూ కోటమ్మ కళ్ళు మూసుకుంది.

చెంబు ఖాళీ అయ్యాక కళ్ళు తెరిచి కూతురు మొహం చూసింది.

"ఇంకొంచెం తేనా అమ్మా?" అంది.